రెండో చరణం, మూడో పాదం

మా పెద్దమ్మ అబద్ధాలకోరు అని పన్నెండేళ్ళ వయసులోనే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం మార్చుకోవలసిన అవసరం మొన్నమొన్నటిదాకా రాలేదు.

ఆవిడ మా అమ్మకి అక్క. చెప్పుల దుకాణం మీద ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. మెట్లెక్కుతుంటే తోలు వాసన, జిగురు వాసన మనతోపాటే పైకి వస్తాయి. గదిలో ఒక మంచం, రెండు మీటలు పలకని కీబోర్డు, మేకుకి తగిలించిన గొడుగు, అంతే. పొద్దున ఆ గదిలోనే నలుగురైదుగురు పిల్లలకి, సాయంత్రం బజారు చివర ఉన్న సంగీత పాఠశాలలో మరికొందరికి పాట నేర్పుతుంది. చుట్టాలింట్లో నలుగురం చేరినప్పుడు ఎక్కడైనా ఆ పాట మోగిందంటే చాలు, తింటున్న చెయ్యి ఆపి, "రెండో చరణం నాది" అంటుంది.

ఆ పాట నలభై ఏళ్ళ కిందటిది. తెలియనివాళ్ళు లేరు. పాడిన గాయని పోయి రెండేళ్ళయింది. ఆవిడ పోయిన రోజున మా వీధిలో మంగలి దుకాణం నుంచి మందుల షాపు దాకా అదే పాట. అలాంటి పాటలో ఒక చరణం తనదని మా పెద్దమ్మ అంటే ఎవరు నమ్ముతారు? మా నాన్న ఏడిపించేవాడు. "పల్లవి కూడా నీదే అయ్యుంటుందిలే వదినా, మొహమాటంకొద్దీ చెప్పడం లేదు." అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడ మాత్రం నవ్వకుండా, "పల్లవి నాది కాదు మరిదీ, ఉన్నమాట చెప్పాలిగా" అనేది. అబద్ధాన్ని ఇంత నిబ్బరంగా కొలిచి చెప్పేవాళ్ళని చూస్తే నాకు మరీ అనుమానం.

ఆవిడ చెప్పే కథ ఇది. పేరున్న గాయకులకి తీరిక లేనప్పుడు ఎవరో ఊరూపేరూ లేని పిల్ల చేత ముందు పాట పాడించి పెట్టుకుంటారు. దాన్ని ట్రాకు అంటారు. తర్వాత అసలు గాయని వచ్చి దాని మీద పాడుతుంది, ఆ పిల్ల గొంతు చెరిపేస్తారు. పంతొమ్మిదేళ్ళప్పుడు పెద్దమ్మ చేసిన పని అదే. అలా చెరిపేసిన పాటలు వందకి పైనే ఉన్నాయట. ఈ ఒక్క పాటలో మాత్రం రెండో చరణం చెరపలేదట. ఆ సంగతి తెలిసినవాళ్ళు సంగీత దర్శకుడు, రికార్డు చేసినాయన, ఆ గాయని. ముగ్గురూ పోయారు. సాక్షులు ఇంత వీలుగా పోవడం నాకు నచ్చదు.

నాకు కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. ఆ గాయని నాకు ప్రాణం. చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పాత టేపు రికార్డరు ఉండేది. రెండో చరణంలో "సద్దు చెయ్యక సాగిపోయే సన్నని వాన" అనే చోట, 'స' పలికినప్పుడల్లా సన్నటి ఈల లాంటిది వినపడుతుంది. తలుపు కింద సందులోంచి చలిగాలి వచ్చినట్టుంటుంది. దానికోసం టేపు వెనక్కి తిప్పి తిప్పి వినేవాణ్ణి. ఆ ముక్క అరిగిపోయి చివరికి టేపు తెగింది. వేలమంది పాడతారు, చక్కగా పాడతారు, మెచ్చుకుని ఇంటికెళ్ళి మర్చిపోతాం. ఈవిడ ఒక్క అక్షరంతో పదిహేనేళ్ళు నా చెవిలో కాపురం పెట్టింది. మూడేళ్ళ కిందట ఒక చిన్న పత్రికకి వ్యాసం కూడా రాశాను. వానని వినిపించడానికి ఆ మహాగాయని కావాలనే ఆ ఈల వేసిందని, అది సాధనకి పరాకాష్ఠ అని. నా పేరు మొదటిసారి అచ్చులో చూసుకున్నది దాని కిందే. పెద్దమ్మకి చూపించలేదు. చూపిస్తే అదీ నాదే అంటుందని.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా ప్రెస్సులో చిత్తు కాగితాల గుట్టలోంచి, గ్రంథాలయంలోంచి ఏరుకున్నదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు వెతికేవాడికి లోకంలో ఒప్పు కనపడదు. మా యజమాని ఆ గుణం చూసే నన్ను ఉంచుకున్నాడు.

మొన్న మంగళవారం సంగీత పాఠశాల నడిపేవాడు ప్రెస్సుకి వచ్చాడు. కొత్త తరగతులకి కరపత్రం వేయించాలి. ప్రూఫు నా బల్ల మీదకి వచ్చింది. ఉపాధ్యాయుల జాబితాలో మూడో పేరు మా పెద్దమ్మది, దాని పక్కన ఆ పాట పేరూ, 'రెండో చరణం గాయని' అనీ ఉంది. నా పెన్సిలు అక్కడ ఆగడం అతను చూశాడు. ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆవిడ మీ పెద్దమ్మటగా తమ్ముడూ. ఇది నిజమేనా?"

"ఆవిడ్ని అడగలేదా సార్?"

"అడిగితే అవునంటుంది. కాదని ఎందుకంటుంది?" చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆవిడకి డిప్లొమా లేదు. ఈ ఒక్క వాక్యం చూసే తల్లిదండ్రులు ఊరుకుంటున్నారు. ఇప్పుడొకాయన, మా అమ్మాయికి గురువు నిజంగానే పాడిందా, రుజువేదీ అని పట్టుకున్నాడు. శుక్రవారం అచ్చుకి వెళ్ళేలోపు నువ్వే తేల్చు. నిజమైతే ఉంచు. కాదంటే కొట్టెయ్. కొట్టేస్తే మాత్రం వచ్చే నెల నుంచి ఆవిడ రానక్కర్లేదు."

బంధువు మాట మీద నమ్మకంతో నాకు అప్పజెప్పాడని అనుకోను. తప్పు తేలితే మా ఇంటివాడే తేల్చాడని చెప్పుకోవచ్చు, తన చేతికి మసి అంటదు. ఆ సంగతి తెలిసీ ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళ అబద్ధాన్ని ఒక్క పెన్సిలు గీతతో కొట్టేసే అవకాశం ఎవరికి దొరుకుతుంది?

ముందు అమ్మని కదిపాను. పెద్దమ్మ నిజంగా సినిమాలకి పాడేదా అంటే పాడేదంది. మరి ఎందుకు మానేసిందంటే, ఎవరూ పిలవడం మానేశారంది. బియ్యం ఏరుతూ, నేను అడగని మాట ఒకటి వదిలింది. చిన్నప్పుడు అక్కని అందరూ ఈలక్క అనేవాళ్ళట. ముందు పళ్ళ మధ్య సందు వల్ల 'స' అన్నప్పుడల్లా ఈల వచ్చేదట. బళ్ళో పంతులు హాజరు పిలిస్తే, "సార్" అని పలకడానికి సిగ్గుపడి లేచి నిలబడేదట.

పెద్దమ్మ ఇప్పుడు మాట్లాడితే ఏ ఈలా రాదు కదా అన్నాను. ఇరవై రెండో ఏట పళ్ళ డాక్టరు దగ్గర ఆ సందు పూడ్పించుకుందట. అంటే సాక్షులు పోయారు, సాక్ష్యం కూడా పోయింది. నాకు నవ్వొచ్చింది. ఈలక్క అన్న పేరు పాటకి ముందు వచ్చిందా, పాట విని పెద్దమ్మే ప్రచారంలో పెట్టిందా అని పైకే అన్నాను. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి, పెట్టెలోంచి బడి ఫొటో తీసి నా ముందు పడేసింది. పదేళ్ళ పిల్ల, పళ్ళ మధ్య పెన్సిలు దూరేంత సందు.

"ఇది కూడా పాట వచ్చాక తీయించిందే అంటావా?" అంది.

సందు ఉండటం వేరు, పాట పాడటం వేరు. మర్నాడు ప్రెస్సులో భోజనాల వేళ చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. పాట మొత్తం కాగితం మీద రాసుకుని, ప్రూఫు చూసినట్టే చూశాను. 'స' వచ్చిన ప్రతిచోటా చుక్క పెట్టి, ఈల ఉంటే టిక్కు, లేకపోతే సున్నా. పల్లవిలో నాలుగు సున్నాలు. మొదటి చరణంలో మూడు. రెండో చరణం మొదటి పాదంలో ఒకటి. రెండో పాదం "సగం తెరిచిన కిటికీ"తో మొదలవుతుంది, అక్కడా సున్నా. మూడో పాదంలో వరసగా మూడు టిక్కులు. నాలుగో పాదంలో మళ్ళీ సున్నా. పదకొండుసార్లు విన్నాను. మారలేదు.

పట్టేశాననుకున్నాను. చరణమంతా ఆవిడదే అయితే ఈల అన్ని పాదాల్లోనూ ఉండాలి కదా. సాయంత్రం పని ముగియగానే ఆ కాగితం జేబులో పెట్టుకుని చెప్పుల దుకాణం మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

పెద్దమ్మ కీబోర్డు ముందు కూర్చుని ఒక అమ్మాయికి పాఠం చెబుతోంది. ఆ అమ్మాయి గొంతులో కాస్త గరగర ఉంది. దాన్ని మింగేసి సాఫుగా పాడాలని తంటాలు పడుతోంది. పెద్దమ్మ ఆపి, ఆ గరగర ఎక్కడికీ పోనక్కర్లేదు, దాన్ని కూడా తీసుకొచ్చి పాడమంది. ఈ మాట ఆవిడ ఎప్పుడూ అనేదే. ముక్కుతో పాడే ఫలానా ఆయన్ని, చివరి అక్షరం విరిగినట్టు వదిలేసే ఫలానా ఆవిడని గుర్తుచేసి, వాళ్ళకి ఆ లోపాలే ఇంటిపేర్లు అంటుంది. తన గొంతు ఎవరికీ గుర్తులేదన్న కడుపుమంటతో అంటుందనుకునేవాణ్ణి.

అమ్మాయి వెళ్ళాక కాగితం తీసి మంచం మీద పరిచాను. సున్నాలు, టిక్కులు చూపించి, రెండో పాదంలో ఈల లేదు కాబట్టి ఆ పాదం తనది కాదని చెప్పాను. కరపత్రం సంగతి, శుక్రవారం సంగతి కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"మూడో పాదంలో ఉందిగా," అంది మెల్లగా. "మరి అదెవరిదిరా?"

ఆ గాయని పాటలు వందలు విన్నవాణ్ణి. ఆవిడ 'స' ఎలా ఉంటుందో నాకు తెలుసు, నున్నటి గాజులా ఉంటుంది. ఇంకే పాటలోనూ ఈల లేదు. ఆ సంగతి ఎప్పటినుంచో తెలిసే, అది ఆవిడ ప్రత్యేకంగా చేసిన గొప్పపని అని వ్యాసం రాశాను. తప్పులు పట్టడమే బతుకైనవాడిని, నా తప్పు పక్కనుంచి మూడేళ్ళు నడిచి వెళ్ళిపోయాను.

"ఒక్క పాదమే," అంది పెద్దమ్మ కళ్ళజోడు తీసి. "మర్నాడు ఆవిడ వచ్చి చరణమంతా పాడింది. మూడో పాదం నాలుగుసార్లు పాడినా ఆవిడకే నచ్చలేదు. 'ఆ పిల్ల పాడింది ఉంచెయ్యండి, అక్కడ వాన ఉంది' అందిట."

"అందిట అంటే? నువ్వు వినలేదా?"

"నన్నెవరు రానిస్తారురా లోపలికి? రికార్డు చేసినాయన చెప్పాడు."

మరి చరణమంతా నాదని ఎందుకు చెప్పావని అడిగాను. కిటికీ కింద చెప్పుల దుకాణం వాడు మేకులు కొడుతున్నాడు. ఆ చప్పుడు మీదే చెప్పింది.

"మొదట్లో పాదమనే చెప్పాను. అందరూ 'ఒక్క పాదమేనా' అన్నారు. చరణమన్నాక కనీసం నవ్వడానికైనా ఆగి విన్నారు."

ఆ పళ్ళ సందు గురించి కూడా అప్పుడే చెప్పింది. ఈల పోతే పెద్ద అవకాశాలు వస్తాయని సంగీత దర్శకుడి సహాయకుడెవరో అన్నాడట. పూడ్పించుకున్నాక గొంతు సాఫుగా, ముచ్చటగా తయారైంది. అలాంటి సాఫు గొంతులు అప్పటికే వరసలో నలభై నిలబడి ఉన్నాయి.

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది. "చరణమే ఉంచెయ్యరా నాన్నా. ఇన్నాళ్ళూ ఉంది, ఎవరికి నష్టం? ఒక్క పాదం పాడినదానికి ఎవరు పని ఇస్తారు?"

ఉంచనని చెప్పాను. అబద్ధమని తెలిసి నా పెన్సిలు దాటించలేను. ఆవిడ చెయ్యి వదిలేసింది. ఇంకోసారి ఆ కాగితం అందుకుని, మూడు టిక్కుల మీద వేలు పెట్టి ఉంచింది. నలభై ఏళ్ళలో ఇంత శ్రద్ధగా తనని విన్నవాడు ఎవడూ లేడంది. ఆ తర్వాత, "సరే, ఉన్నదే వెయ్యి. ఇకనుంచి ఏం చెప్పానో గుర్తుపెట్టుకోవడం కూడా సులువు" అంది. నా మనసు కరిగించడానికి అంటోందా అని మొహంలోకి చూశాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

శుక్రవారం పొద్దున పాఠశాల ఆయన వచ్చాడు. దిద్దిన ప్రూఫు ముందు పెట్టాను. 'రెండో చరణం మూడో పాదం గాయని.' చదివి, పెదవి విరిచి, "ఒక్క పాదమా?" అన్నాడు. అతను అలా అంటాడని పెద్దమ్మకి నలభై ఏళ్ళ కిందటే తెలుసు.

కొట్టెయ్యమంటాడేమోనని భయం వేసింది. మంగళవారం కొట్టెయ్యాలని సరదాపడింది నేనే. ఇయర్‌ఫోన్లు అతని చేతికిచ్చాను. రెండో పాదం, మూడో పాదం, నాలుగో పాదం వినిపించాను. మొదటిసారి గడియారం చూసుకుంటూ విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి కళ్ళు మూసుకున్నాడు.

"ఈ పాట పుట్టిననాటినుంచి వింటున్నాను. ఇది ఎప్పుడూ చెవిన పడలేదేం?" అన్నాడు. తర్వాత నన్ను అనుమానంగా చూశాడు. "గొప్పలు చెప్పేవాళ్ళెవరూ చరణం నుంచి పాదానికి దిగరు. ఉండనీ. రుజువేదన్న ఆయనకి కూడా ఇదే వినిపిస్తాను. అక్షరాలు మాత్రం కాస్త చిన్నవి చెయ్యి."

చిన్నవి చేశాను. అచ్చయ్యాక ఒక కరపత్రం పెద్దమ్మకి ఇచ్చొచ్చాను. కీబోర్డు మీద, పలకని మీటల వైపు ఆనించి పెట్టుకుంది. వచ్చే నెల తరగతులు ఆవిడకి ఉన్నాయి.

ఇక నా వ్యాసానికి సవరణగా ఇది రాస్తున్నాను. ఆ ఈల మహాగాయని సాధన కాదు, మా పెద్దమ్మ పళ్ళ సందు. నా అభిమాన గాయనిదని ఇన్నేళ్ళు నేను దాచుకున్న ముక్క, నేను వెళ్ళి చూడటానికే బద్ధకించిన మనిషిది. ఇంతవరకు రుజువుంది.

'అక్కడ వాన ఉంది' అని ఆ గాయని నిజంగా అందా, ఏడుపు మొహం పెట్టుకున్న పంతొమ్మిదేళ్ళ పిల్లని ఓదార్చడానికి రికార్డు చేసినాయన కల్పించాడా, మా పెద్దమ్మే కల్పించుకుందా, చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట కరపత్రంలో వెయ్యలేదు. పాట విన్నప్పుడల్లా మాత్రం అక్కడికి రాగానే, అన్నదా లేదా అని మళ్ళీ వెనక్కి తిప్పి వింటున్నాను.