ఉల్లిపాయల గోడౌను నుంచి కొల్లేటి గట్టు దాకా

నడవడం కోసం ఎవరైనా రైలెక్కి, ఆటో ఎక్కి, ఊరు కాని ఊరు వెళతారా అంటే, నేను వెళ్ళాను. కొల్లేరు చూడాలనుకునేవాళ్ళకు దారి తెలుస్తుందనీ, నాలాగా నలుగురిలో నాలుగడుగులు గట్టిగా వేయడానికి సిగ్గుపడేవాళ్ళకు కాస్త తోడుగా ఉంటుందనీ ఇది రాస్తున్నాను.

మాది తాడేపల్లిగూడెం, మా వాడుకలో గూడెం. ఉల్లిపాయల టోకు వ్యాపారం. మా తోడికోడలిని నేను అక్కయ్య అనే పిలిచేదాన్ని. ఆవిడకు గుండె బలహీనంగా ఉందని, రోజూ నడవమని డాక్టరు చెప్పారు. నాకు సుగరు. ఇద్దరికీ మందు ఒక్కటే. కానీ మా బజారులో ప్రతి కొట్టువాళ్ళూ ఎరిగినవాళ్ళే. చీర మీద బూట్లు తొడుక్కుని, చేతులూపుకుంటూ వాళ్ళ ముందు నుంచి పోవడమంటే మాకు తల కొట్టేసినట్టుండేది. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే" అనేది అక్కయ్య. అందుకని మధ్యాహ్నం మగవాళ్ళు భోజనాలకు వెళ్ళిన వేళ, గోడౌను షట్టరు సగం దించి, బస్తాల వరసల మధ్య నడిచేవాళ్ళం. ఆ సందు ఒక్క మనిషికే చాలేది. అక్కయ్య ముందు, నేను వెనక. ఘాటుకు ఇద్దరికీ కళ్ళు కారేవి. ముక్కులు చీదుకుంటూ, నవ్వుకుంటూ తిరిగేవాళ్ళం.

"మనల్ని ఎవరూ ఎరగని చోటికి పోయి, ఒక్కరోజు చేతులు బారజాపి నడుద్దామే. కొల్లేరయితే బాగుంటుంది. చూసినా పక్షులే చూస్తాయి" అనేది. ఆ ప్రయాణం కోసమే ఇద్దరికీ ఒకే రకం తెల్లబూట్లు కొంది. అవి పెట్టెల్లో ఉండగానే కిందటేడు ఎండాకాలంలో ఆవిడ గుండె ఆగిపోయింది. సంవత్సరీకాలు అయ్యేదాకా నేను గోడౌను వైపు పోలేదు. మొన్న సుగరు బాగా పెరిగిందని డాక్టరు కేకలేశాక, బూట్ల పెట్టె తీశాను. ఎవరూ ఎరగని ఆ కొల్లేటి గట్టున కూడా నడవలేకపోతే, ఇక ఎక్కడా నడవలేనని నాకు తెలుసు.

గూడెంలో తెల్లవారుజామున పాసింజరు ఎక్కితే పొద్దెక్కకముందే ఏలూరులో దిగొచ్చు. టికెట్టు పది, ఇరవై రూపాయల్లో అయిపోతుంది. ఉంగుటూరు దాటేదాకా మంచులో వరిచేలు కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. బూట్లు టిఫిను డబ్బా కింద, తువ్వాలు చుట్టి, సంచిలో పెట్టుకున్నాను. ఏదో దొంగసొమ్ము మోస్తున్నట్టు రైల్లో ఆ సంచి ఒళ్ళోంచి దించలేదు. ఏలూరు నుంచి కైకలూరు బస్సులు కొల్లేటి మీదుగానే పోతాయి, టికెట్టు తక్కువ. నేను మాత్రం మధ్యలో ఎక్కడపడితే అక్కడ దిగాలని ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ, అక్కడ ఆగడంతో సహా ఎనిమిది వందలు అడిగాడు, ఏడొందలకు ఒప్పుకున్నాడు.

"అమ్మవారి గుడికాండీ, పక్షులు చూడ్డానికాండీ?" అని అడిగాడు డ్రైవరు.

"నడవడానికండీ" అన్నాను చిన్నగా.

అతను అద్దంలోంచి ఒకసారి చూశాడు. "నడవడానికి ఆటో ఎందుకండీ?"

నేను సంచిని ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాను. ఊరు దాటాక, అతను చూడకుండా వంగి బూట్లు వేసుకున్నాను.

కొల్లేరంటే ఒడ్డు కనబడని ఒకే సరస్సని ఊహించుకుని వెళితే నిరాశ పడతారు. చాలా దూరం రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులే. వాటి మధ్య గట్లు, గట్ల మీద మట్టిదారులు. ఆ తరువాత తూడు, గుర్రపుడెక్క పట్టిన అసలు నీళ్ళు. చలికాలం పొద్దున వెళితే గూడబాతులు గుంపులుగా కనిపిస్తాయి. ఒక వంతెన పక్కన, రేకుల కింద చిన్న టిఫిను హోటలు ఉన్నచోట ఆటో ఆపించి, ఎదురుగా ఉన్న గట్టెక్కాను.

పది అడుగులు వేశానో లేదో, చెరువులో పడవ మీద మేత వేస్తున్న ఇద్దరు మనుషులు తలెత్తి చూశారు. నా కాళ్ళు ఆగిపోయాయి. చేతులు వాటంతటవే కొంగు సర్దుకున్నాయి. పక్షుల్ని చూస్తున్నట్టు నటిస్తూ నిలబడి, వాళ్ళు అటు తిరగ్గానే మరో నాలుగు అడుగులు వేసి, మళ్ళీ నిలబడ్డాను. ఇంతదూరం వచ్చి చేసిన ఘనకార్యం అదీ. నా మీద నాకే ఏడుపొచ్చింది. వెనక్కి వచ్చి హోటల్లో బల్ల మీద కూలబడ్డాను.

పెసరట్టు వేస్తున్నావిడ అట్లకాడ పట్టుకునే నా ముఖంలోకి చూసింది. "మీరు గూడెం ఉల్లిపాయల కొట్టు చిన్నమ్మగారు కాదాండీ? నేనండీ, మార్తమ్మని. మీ గోడౌను అరుగు మీద పాయలు ఏరేదాన్ని. మా ఆయన ఇక్కడ చెరువుల పనికి కుదిరాడని వచ్చేశామండీ."

ఎవరూ ఎరగని చోటు కోసం ఇంత దూరం వస్తే, ఇదీ నా అదృష్టం. బూట్లు బల్ల కిందికి లాక్కున్నాను. ఆమె వాటిని చూడనే చూసింది.

"పెద్దమ్మగారు రాలేదాండీ? ఇద్దరూ కలిసే నడిచేవారు కదండీ."

నాకు అర్థం కాలేదు. "ఎక్కడ నడిచేవాళ్ళం?"

"గోడౌనులోనండీ, మధ్యాహ్నం పూట. మేమంతా బయట అరుగు మీదే ఉండేవాళ్ళం కదా. మీరు నడిచినంతసేపూ లోపలికి పోవద్దని మేస్త్రి చెప్పాడండీ. బస్తాలు మోసే కళాసీలు కూడా లారీ దగ్గరే కూర్చునేవారు."

"అందరికీ తెలుసా?"

"తెలుసండీ."

"నవ్వుకునేవారా?"

"అయ్యో, ఎందుకు నవ్వుతామండీ? పెద్దమ్మగారి ఆయాసం బయటికి వినపడేది. అంత రోడ్డుండగా ఈ ఘాటులో, ఈ ఇరుకులో ఎందుకు పాపం అనుకునేవాళ్ళం. మీతో అనడానికి మాకు మొహమాటం అండీ."

అక్కయ్య పోయిందని చెప్పాను. మార్తమ్మ పొయ్యి తగ్గించి, వచ్చి నా పక్కన కూర్చుంది. తరువాత, "లేవండమ్మా, ఎండెక్కకముందే రెండు చుట్లు తిరుగుదాం" అంది. అప్పుడే చెరువు దగ్గర నుంచి వచ్చిన వాళ్ళాయనకు హోటలు అప్పగించి, చెప్పులు లేకుండానే నాతో గట్టెక్కింది.

గట్టు వెడల్పుగా ఉంది. ఇద్దరం పక్కపక్కనే నడిచాం. పడవలో వాళ్ళు మళ్ళీ చూశారు. మార్తమ్మ వాళ్ళకు చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. ఆ ఊపిన చెయ్యి ఈసారి కొంగు సర్దుకోవడానికి పోలేదు. కొంత దూరం పోయాక తోచింది, అన్నేళ్ళలో అక్కయ్యా నేనూ ఒక్కసారి కూడా ఇలా పక్కపక్కన నడవలేదు. నడిచేటప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు. నేను చూసిందంతా ఆవిడ వీపే. గట్టు మీద నిలబడి బోరున ఏడ్చాను. ఇక్కడ నింద వేయడానికి ఉల్లిపాయలు కూడా లేవు. మార్తమ్మ నా చెయ్యి పట్టుకుని, ఏడుపు ఆగాక మళ్ళీ నడిపించింది.

తిరిగొచ్చి తిన్న పెసరట్టుకు డబ్బులు తీసుకోనంటే బలవంతంగా ఇచ్చి బయలుదేరాను. సాయంత్రానికి గూడెం స్టేషన్లో దిగాను. బూట్లు విప్పలేదు, ఆటో ఎక్కలేదు. మా బజారులోంచే నడిచాను. పప్పుల కొట్టాయన కాటా దగ్గర నుంచి తలెత్తి, "ఏవండీ, ఆటోలు దొరకలేదా?" అన్నారు.

"దొరికాయండీ. నడుద్దామని" అన్నాను.

"మంచిదండీ" అని, ఆయన మళ్ళీ పప్పు తూచుకోవడంలో పడ్డారు.

అంతే. అన్నేళ్ళూ మేము భయపడింది ఈ ఒక్క మాటకు. మమ్మల్ని నొప్పించకూడదని గోడౌను పనివాళ్ళు ఊరుకున్నారు, బజారువాళ్ళేమనుకుంటారోనని మేము దాక్కున్నాం. ఆ మొహమాటాల మధ్య అక్కయ్య ఉల్లిపాయల ఘాటు పీల్చుకుంటూ నడిచి వెళ్ళిపోయింది. ఈ మాట ఆవిడతో చెబితే ఎంత నవ్వేదో. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ బజారు దారినే నడుస్తున్నాను. తెలియకుండానే ఒక పక్కకు జరిగి నడుస్తాను, రెండో మనిషికి చోటుండేలా.

కొల్లేరు వెళ్ళాలనుకునేవాళ్ళు చలికాలంలో, ఎండ రాకముందే వెళ్ళండి. నీళ్ళసీసా పట్టుకెళ్ళండి. బూట్లు మాత్రం సంచిలో పెట్టుకోకండి. మీ గుమ్మంలోనే, వీధిలో అందరూ చూస్తుండగానే తొడుక్కుని బయలుదేరండి.