తొండం దగ్గర ఆగిపోయిన కంప్యూటరు

మొన్న మా మనవరాలు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఏదో రాసుకుంటుంటే, తెర రెప్పపాటు నల్లబడి మళ్ళీ వెలిగింది. డ్రైవర్ కొత్తది వేసుకున్నానని ఒక మూలన చిన్న కబురు కనిపించి, తనంతట తానే మాయమైంది. పిల్ల చేతిలో చాయ్ గ్లాసు కూడా కింద పెట్టలేదు. మండింది నాకే. ఏ రోగం కోసం నేను ఒకప్పుడు పదకొండు రోజులు అన్నం సయించక తిరిగానో, ఆ రోగాన్ని ఈ యంత్రం ఎవరినీ పిలవకుండా, ఎవరికీ చెప్పకుండా మాన్పుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది. యంత్రాల మీద అసూయ పడే వయసు కూడా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ పిల్లకు అప్పుడే చెప్పాను, నా ఈడు వాళ్ళైన మీకూ చెబుతున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు ఊళ్ళలో ఏ కంప్యూటరు మూలపడినా, నా చెయ్యి పడితే తప్ప లేచేది కాదు. స్కూటర్ల వెనక డబ్బా మానిటర్లు దుప్పట్లతో కట్టుకుని జనం నా దుకాణం ముందు వరుసలో నిలబడేవాళ్ళు.

వరుస అన్నాను గానీ, మీ దగ్గర దాచడమెందుకు, ఆ నిలబడ్డవాళ్ళు పక్కన జిరాక్సు దుకాణానికి వచ్చినవాళ్ళు. మూడు ఊళ్ళన్నది కూడా కొంచెం సాగదీశాను. నేను నా జన్మలో బాగుచేసిన కంప్యూటర్లు మూడు. అందులో రెండు నావే, అంటే ఉన్న ఒక్కదాన్నే రెండుసార్లు. మూడోది ఒక వకీలు గారిది, దానికి ప్లగ్గు ఊడిపోయింది.

అసలు నాది వనపర్తిలో టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్. ఎనిమిది మిషన్ల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలు లోయరూ హయ్యరూ పరీక్షలకు కొట్టే చప్పుడు వింటూ బతికినవాణ్ణి. ఆ చప్పుడు ఏటేటా పలచబడి, చివరికి రెండు మిషన్లకు వచ్చేసరికి భయమేసి, ఒక కంప్యూటరూ ఒక లేజరు ప్రింటరూ కొని, పెళ్ళికార్డుల పనిలో దిగాను. భయమేసి అన్నది కూడా సగమే నిజం. మిగతా సగం గద్వాలలో ఉంది.

గద్వాలలో మా సడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, నాకంటే ఏడాది ముందే కంప్యూటరు దుకాణం పెట్టాడు. పట్నంలో ఆరు నెలలు కోర్సు చేసి వచ్చాడు, రంగుల్లో ప్రింటు తీసేవాడు, మాట మెత్తగా ఉండేది, జుట్టు ఒత్తుగా ఉండేది. ఇవన్నీ సహించాను. నాగర్‌కర్నూల్లో మా అత్తగారింట్లో భక్షాలు, అదే బొబ్బట్లు, వడ్డించేటప్పుడు మా అత్తగారు నాకు ఒక గరిటె నెయ్యి పోసి, అతనికి ఒక గరిటె పోసి, ఆ మీద "ఇంకొంచెం ఏసుకో బిడ్డా, ఎంత చిక్కిపోయినవో" అంటూ మరొకటి పోసేది. ఆ రెండో గరిటెను మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.

అలాంటి రోజుల్లో మా చిన్న మరదలి పెళ్ళి కుదిరింది. పెద్దల్లుణ్ణి కాబట్టి కార్డులు కొట్టించే పని మా మామగారు నాకే అప్పజెప్పారు. మా వైపు మొదటి కార్డు నాలుగు మూలలకూ పసుపు పెట్టి, ఇంటి దేవుడి ముందు ఉంచి, పెళ్ళిపిల్ల మేనమామ చేతికి ఇచ్చాకే మిగతావి పంచాలి. దానికి ఒక శుక్రవారం ఖాయం చేశారు. మామగారు మనిషి తక్కువ మాట్లాడతారు గానీ, ఆ మాట్లాడింది గుచ్చుకుంటుంది. "బేస్తారం నాడు నేనే వస్త అల్లుడా. కార్డులు చేతిల పెట్టాలె. నీతోని కాకుంటె ఇప్పుడే చెప్పు, గద్వాల అల్లునికి చెప్త" అన్నారు. చివరి మాట అనకపోయినా నేను చేసేవాణ్ణే, అన్నాక ప్రాణం పోయినా చేసేవాణ్ణి.

కార్డు తెర మీద బ్రహ్మాండంగా కుదిరింది. ముహూర్తం, వధూవరులు, కింద ఆహ్వానించేవాళ్ళలో ఇద్దరు అల్లుళ్ళ పేర్లు. నా పేరు అక్షరాలు సడ్డకుడి పేరు కంటే ఒక వెంట్రుకవాసి పెద్దవిగా పెట్టాను, కనిపెట్టగలిగినవాడు కనిపెట్టనీ అని. ఇక పైన వినాయకుడి బొమ్మ ఒక్కటే మిగిలింది. ఆ బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకునేది. కిరీటం వచ్చింది, చెవులు వచ్చాయి, కళ్ళు వచ్చాయి, తొండం మొదలైంది, అంతలో తెర మొత్తం నీలమైపోయి తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరాయి. ఆపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ కిరీటం, చెవులు, కళ్ళు, తొండం, నీలం.

రెండో రోజుకు ఊళ్ళో సలహాలన్నీ నా దుకాణంలోనే ఉన్నాయి. జిరాక్సు ఆయన వచ్చి కరెంటు ఎక్కువ తక్కువ అవుతుందన్నాడు, స్టెబిలైజరు మార్చాను. వకీలు గారు దుమ్ము అన్నారు, డబ్బా విప్పి పెయింటు బ్రష్షుతో తుడిచాను. మా ఆవిడ మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చి, తెర వంక చూసి, "నీ పేరు అంత పెద్దగ కొట్టుకుంటె దేవుడు మాత్రం ఎట్ల చూస్తడు, కండ్లు మూసుకుంటుండు" అని పోయింది. చివరికి మొత్తం తుడిచేసి మొదటి నుంచి వేసే పని, అంటే ఫార్మాటు, మొదలుపెట్టాను. పూట పట్టేది. అంతా అయ్యాక డ్రైవర్ల సీడీ పెట్టి, అందులో ఉన్నవన్నీ ఒక్కటీ వదలకుండా ఎక్కించేవాణ్ణి. డ్రైవర్లంటే మీకు తెలుసు కదా, తెరకూ ప్రింటరుకూ కంప్యూటరు మాట అర్థమయ్యేట్టు చేసే దుబాసీలు. ఎక్కించి వినాయకుణ్ణి తెరిస్తే మళ్ళీ తొండం దగ్గరే నీలం. ఇట్లా ఆరుసార్లు చేశాను. బొమ్మ మార్చినా అంతే, లక్ష్మీదేవి నడుము దాకా కూడా రాలేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ డ్రైవర్ల సీడీ నాది కాదు.

అంతకు ముందు దసరాకు మేమంతా గద్వాల పోయినప్పుడు సడ్డకుడి దుకాణంలో ఆయుధపూజ చూశాను. అతని కంప్యూటరులో బొమ్మలు చిటికె వేసినట్టు తెరుచుకోవడం చూసి నాకు నిద్ర కరువైంది. దాని మీద పెట్టిన నిమ్మకాయ పక్కనే ఒక సీడీ, దాని మీద అతని గుండ్రటి చేతిరాతలో "డ్రైవర్లు, అన్నీ" అని ఉంది. ఆ 'అన్నీ' అన్న మాట నన్ను చెడగొట్టింది. కిటుకంతా అందులోనే ఉందనుకుని, అందరూ ప్రసాదం దగ్గర ఉండగా దాన్ని చొక్కాలో వేసుకుని వనపర్తి తెచ్చి, ఆ రాత్రే నా కంప్యూటరులో ఎక్కించాను. ఆ తర్వాత బొమ్మతో వచ్చిన మొదటి పని ఈ కార్డే. నా కంప్యూటరుతో వచ్చిన అసలు సీడీని అప్పటి నుంచి దుకాణంలో మంచినీళ్ళ కూజా మీద మూతగా వాడేవాణ్ణి. దొంగిలించిన వస్తువు మీద మనిషికి ఉండే నమ్మకం కొనుక్కున్న దాని మీద ఉండదు. అందుకే ఆరుసార్లు ఫార్మాటు చేసినా, కరెంటును అనుమానించాను, దుమ్మును అనుమానించాను, దేవుణ్ణి కూడా అనుమానించాను గానీ, ఆ సీడీని అనుమానించలేదు. సడ్డకుణ్ణి పిలిస్తే గంటలో తేల్చేవాడని తెలుసు. పిలిస్తే ట్రేలో తన చేతిరాత తను చూస్తాడు. అంతకంటే ముఖ్యం, నెయ్యి మూడో గరిటె కూడా అతనికే పోతుంది.

మంగళవారం వచ్చింది. మామగారు రావడానికి రెండే రోజులు. ఆ పూట అన్నం ముందు కూర్చుని కలపకుండానే లేచాను, మా ఆవిడ కంచం తీసేసి చెప్పులేసుకుని బయటికి పోయింది. బుధవారం పొద్దున కర్నూలు నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చే ఖాళీ కార్డుల కట్ట తెచ్చుకోవడానికి కొత్తకోట పోయాను. బస్సు ఆలస్యం. హైవే పక్క ధాబాలో లారీల వాళ్ళ మధ్య మూడింటి దాకా కూర్చున్నాను. అక్కడే, ఏ పనీ లేక బుర్రను దాని మానాన వదిలేస్తే, ఒక సంగతి తట్టింది. సేఫ్ మోడ్ అని ఒకటుంటుంది, అందులో కంప్యూటరు మన డ్రైవర్లేవీ వాడకుండా అరకొర రంగులతో లేస్తుంది. ఫార్మాట్ల మధ్యలో ఒకసారి అట్లా లేపితే, వినాయకుడు వికారపు రంగుల్లోనైనా తొండంతో, బొజ్జతో, ఎలుకతో సహా పూర్తిగా కనిపించాడు. ప్రింటరు పలకదు కాబట్టి దాన్ని నేను పట్టించుకోలేదు. అంటే బొమ్మ మంచిదే, డబ్బా మంచిదే, నేను ఎక్కించిన తర్వాతే చెడుతోంది. ఎక్కించింది ఎవరి సీడీ? నా కంప్యూటరులో తెరను నడిపే కార్డు వేరు, అతని దానిలోది వేరు. వేరే దాని డ్రైవరు తెచ్చి దీని నెత్తిన పెట్టాను.

దుకాణానికి వచ్చేసరికి నాలుగు దాటింది. పొద్దున్నుంచి దుకాణం చూసుకున్న మా ఆవిడ తాళం ఇచ్చి ఇంటికి పోయింది. కూజా మీద ఉండవలసిన నా అసలు సీడీ, దేవుడు తీసి పెట్టినట్టు, శుభ్రంగా తుడిచి కీబోర్డు మీదే ఉంది. అది పెట్టి, తెర డ్రైవరు ఒక్కటే ఎక్కించి, చేతులు జోడించి బొమ్మ తెరిచాను. కిరీటం, చెవులు, కళ్ళు, తొండం, బొజ్జ, ఎలుక, ఎలుక తోక. నేను కుర్చీలోంచి లేచి ఒక్కణ్ణే గదిలో అటూ ఇటూ నడిచాను. బటర్ పేపరు మీద ప్రింటు తీసి స్క్రీన్ ప్రింటింగ్ ఆయనకు ఇస్తే, బేస్తవారం మధ్యాహ్నానికి కార్డులు తడారాయి. మామగారు ఒకటి చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూసి, "బాగున్నది అల్లుడా" అన్నారు. ఆ మాట ముందు గద్వాలంతా నాకు చిన్నదైపోయింది. పెళ్ళిలో మా అత్తగారు రెండో గరిటె నెయ్యి నాకు కూడా పోసింది. దొంగ సీడీని మాత్రం తిరిగి ఇద్దామని వెతికితే ఎక్కడా దొరకలేదు, నేనే కోపంలో పారేసి ఉంటాననుకున్నాను.

ఇప్పుడు వినాయకుడు ఫోనులోనే తోక దాకా ఒక్కసారిగా వచ్చేస్తున్నాడు, పెళ్ళిపిలుపులు కూడా అందులోనే వస్తున్నాయి, పసుపు పెట్టడానికి మూలలు లేవు. సడ్డకుడు దుకాణం ఎప్పుడో ఎత్తేసి విత్తనాలు అమ్ముకుంటున్నాడు, జుట్టు మాత్రం ఇంకా ఒత్తుగానే ఉంది. ఒకరి యంత్రం చెడితే ఇంకొకరు బస్సెక్కి రావలసిన అవసరం లేని కాలం ఇది. సుఖంగానే ఉంది. కానీ ఎవరినైనా చూసి అంత కష్టపడి కుళ్ళుకుని, అంత కష్టపడి నెగ్గి ఎన్నేళ్ళయిందో అని ఒక్కోసారి వెలితిగా అనిపిస్తుంది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది.

"నెగ్గింది నువ్వు గాదు" అంది. "మంగళారం నువ్వు అన్నం కాడికెల్లి లేసినంక నేనే ఎస్టీడీ బూత్‌కు పోయి చెల్లెకు ఫోన్ చేసిన. తెల్లారి ఆయన గద్వాల నుంచి పొద్దుగాల బస్సుకొచ్చి, నువ్వు కొత్తకోట బస్సెక్కిందాక బస్టాండ్ల హోటల్ల కూసున్నడు, నీ కండ్ల వడొద్దని. గంటల బాగుచేసిండు. తన సీడీ తను జేబుల ఏసుకుండు, నీది సబ్బుతోని కడిగి ఆ బోర్డు మీద పెట్టిండు. 'అన్న చిన్నబుచ్చుకుంటడు వదినా, తనే చేసిన అనుకోనీ' అని, చాయ్ గూడ తాగకుంట పోయిండు. ఇరవై ఏండ్ల సంది నేను నోరు మూసుకున్న, నువ్వు ఇయ్యాల పుస్తకాలల్ల రాసుకుంటున్నవ్. నువ్వు చేసిందేంది? బాగున్నదాన్ని మళ్ల బాగుచేసినవ్."