గోడ వైపు, వీధి వైపు

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆమెకూ ఒకటి ఉండే ఉంటుంది. కానీ బడిపిల్లలు వ్యానత్త అనడం మొదలుపెట్టాక పెద్దవాళ్ల నోటికీ అదే అలవాటైపోయింది. ఆ వ్యాను మొదట్లో ఆమె మొగుడు నడిపేవాడు. ఆయన నడుము మొండికేశాక తాళంచెవి ఆమె చేతికొచ్చింది. తాళంచెవితో పాటు వ్యాను కింద దూరే పనీ వచ్చింది. ఆయన కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకుని చెబుతుంటే, ఆమె కింద పడుకుని చేస్తుంది. ఆయిలు మార్చడం, బ్రేకులు బిగించడం అలాగే నేర్చుకుంది.

తొలి రోజుల్లో ఇద్దరికీ కుడిఎడమల దగ్గరే తగువు. స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్ల ఎడమ, బానెట్‌కి ఎదురుగా నిలబడ్డవాళ్లకు కుడి అవుతుంది కదా.

"ఎడమ చక్రం అంటుంటే వినపడదేంటే?"

"ఎవరి ఎడమ బావా?"

"నా ఎడమ!"

"నువ్వు మంచం మీదున్నావు. నీ ఎడమ పక్కన మంచినీళ్ల చెంబుంది."

ఇలా లాభం లేదని ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వ్యాను రోజూ ఒకేలా నిలుస్తుంది. సందు మొదటి నుంచి వచ్చి, ఎడమ పక్క ఇంటి గోడకు ఆనుకునేలా ఆగుతుంది. కాబట్టి ఒకటి గోడ వైపు, రెండోది వీధి వైపు. ఆ తర్వాత వాళ్లకు పేచీ రాలేదు. వంటింట్లో కూడా "ఆ గోడ వైపు డబ్బా అందుకో" అనేంతగా ఆ మాటలు స్థిరపడిపోయాయి.

శుక్రవారం సాయంత్రం గోడౌన్ల దగ్గరి మలుపులో ఆమె స్టీరింగ్ తిప్పింది. ఆ కబురు చక్రాలకు వెంటనే అందలేదు. ఒక్క క్షణం వ్యాను తన మానాన తను కల్వర్టు పిట్టగోడ వైపు వెళ్లి, అప్పుడు తిరిగింది. వెనక పిల్లలు ఇదేదో ఆటనుకుని "హో" అని అరిచారు. ఆమె మాత్రం వెంటనే వేగం తగ్గించింది. అందర్నీ మెల్లగా ఇళ్ల దగ్గర దింపి, ఇంటికొచ్చి బావకు చెప్పింది.

సంగతి విని బావ, ముందు చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపమన్నాడు. టకటకమని చప్పుడైంది.

"జాయింట్లు అరిగిపోయాయి" అన్నాడు.

రెండు ముందు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దాని రెండు కొసలకీ గిన్నెలో గోళీ ఆడినట్టు ఆడే కీళ్లుంటాయి. గిన్నె అరిగితే గోళీ వదులవుతుంది. అప్పుడిక స్టీరింగ్ చెప్పే మాట చక్రం సగమే వింటుంది.

మెకానిక్ గురువారం దాకా కుదరదన్నాడు. కొత్త జాయింట్లు మాత్రం కొట్లో దొరికాయి. శనివారం ఖాళీ వ్యాన్లో మెల్లగా వెళ్లి అవి కొనుక్కుని వస్తుంటే, బట్టలు కుట్టే ఆవిడ వాకిట్లోంచి పిలిచింది. ఆవిడ కొడుకు మరీ బెదురుగొడ్డు, వ్యానత్తది తప్ప ఎవరి బండీ ఎక్కడు.

"వాణ్ని నీ చేతిలో పెట్టాక నేనింక తలెత్తి కూడా చూడను వదినా, నా మిషను పని నాది" అందావిడ నవ్వుతూ.

వ్యానత్త నవ్వలేకపోయింది. బండి బాగుపడితే సోమవారం పిల్లల్ని ఎక్కించుకుంటుంది. బాగుపడకపోతే ఇంటింటికీ వెళ్లి రాలేనని చెబుతుంది. అంతేగానీ అలాంటి బండిలో ఒక్క పిల్లనూ కూర్చోబెట్టదు. ఆ రాత్రే అలా అనుకుని పడుకుంది.

ఆదివారం పొద్దున వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టింది. ముందు భాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, ఊపి చూసి మరీ కిందికి దూరింది.

"వీధి వైపుది ముందు తియ్యి" అన్నాడు బావ కిటికీలోంచి. ఆయనకు అక్కణ్నుంచి కనబడేది వ్యాను టాపు, కాస్త ఆకాశం, అంతే. "జాగ్రత్త, దానిది ఉల్టా మర. మామూలుగా విప్పే వైపు కాదు, బిగించే వైపు తిప్పాలి."

కడ్డీకి ఒక కొసన మామూలు మర, రెండో కొసన తిరగేసిన మర ఉంటాయి. మధ్యలో కడ్డీని తిప్పి చక్రాలు సూటిగా ఉండేలా సరిచేసుకోవడానికే ఆ ఏర్పాటు. కొత్త జాయింటు కూడా పాతదున్నంత లోతుకే ఎక్కాలని, పాత మర కడ్డీలోంచి బయటికి కనబడే చోట ఆమె గోళ్ల రంగుతో ఎర్రగా ఒక గీత పెట్టుకుంది. పిన్ను లాగి, నట్టు విప్పింది. రెండు సుత్తులతో రెండు పక్కలా ఒకేసారి కొడితే కీలు టప్పున ఊడి కిందపడింది.

"పడిందా?"

"పడింది!"

"నేను చెబితే పడకేం చేస్తుంది!"

ఇక దాన్ని కడ్డీలోంచి విప్పాలి. బిగింపు వదులు చేసి, బావ చెప్పిన వైపే తిప్పింది. కదిలింది. ఇంకాస్త తిప్పింది. చూస్తే ఎర్ర గీత లేదు.

"బావా, గీత కనబడ్డం లేదు."

"నూనె కారి చెరిగిపోయుంటుంది. కానియ్యి."

మళ్లీ తిప్పింది. ఈసారి బిగుసుకుపోయింది.

"రావట్లేదు బావా."

"తుప్పు! రెంచికి పైపు తగిలించి లాగు. నీ బలమంతా నా మీద అరవడానికేనా?"

పైపు తగిలించింది. లాగబోతే చెయ్యి ఒప్పుకోలేదు. మర చెడిపోతే కడ్డీ మొత్తం మార్చాలి, ఆదివారం అది ఎక్కడా దొరకదు. పోనీ చెడీ చెడకుండా సగం పాడై, పైకి బాగున్నట్టే ఉండి, ఆ మలుపులోనే ఊడొస్తేనో?

అప్పుడే అత్తగారు టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. రోజూ ఆవిడ కూర్చునే చోటది.

"ఏమమ్మాయ్, దీన్ని ఇలా పెట్టావేం? ఇన్నాళ్లూ దీని తోక చూస్తూ ప్రశాంతంగా తాగేదాన్ని. ఇవాళ రెండు కళ్లూ పెట్టుకుని నన్నే గుడ్లురిమి చూస్తోంది!"

వ్యానత్త పైపు వదిలేసింది.

నిన్న సందు మొదట్లో ఎవరో ఇటుకలు దింపారు. దారి లేక ఆమె రెండో కొస నుంచి వచ్చింది. వ్యాను తలకాయ ఇటు తిరిగింది. అంటే రోజూ గోడ వైపు ఉండేది ఇవాళ వీధి వైపుంది. ఇంతసేపూ తను మామూలు మరను ఉల్టాగా తిప్పుతూ, విప్పుతున్నాననుకుని బిగిస్తోంది! గీత చెరిగిపోలేదు, కడ్డీ లోపలికి వెళ్లిపోయింది.

"బావా, వ్యాను తిరిగి ఉంది."

"ఎక్కడికి తిరిగింది? స్టాండ్ల మీద కదా ఉంది?"

"అది కాదు. నిన్న అటు నుంచి వచ్చా. ఇవాళ నీ వీధి వైపు గోడ వైపుంది."

కిటికీ లోపల మంచం కిర్రుమంది.

"అయ్యో... అయ్యయ్యో... నవ్వించకే, నడుం, నడుం!"

"నేను నవ్వించానా? పైపు పెట్టి లాగమన్నదెవరు?"

"లాగావా?" నవ్వు ఆగిపోయింది.

"లేదు."

"బతికించావు" అన్నాడు, ఈసారి మెల్లగా.

"మీ గోడలూ వీధులూ నాకు తెలియవు గానీ టీ చల్లారుతోంది" అంది అత్తగారు.

టీ తాగి మళ్లీ కిందికి వెళ్లి మామూలు వైపుకు తిప్పింది. మొదట మొరాయించింది గానీ, తర్వాత సీసా మూతలా చక్కగా వచ్చేసింది. ఎర్ర గీత చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. మరలో గుడ్డ పెట్టి తుడిచి, వేలితో తడిమి చూసింది. ఎక్కడా గరుకు లేదు. వేలు అక్కడే కాసేపు ఉంచుకుంది.

కొత్త జాయింటు అంతే లోతుకు ఎక్కించి, కొత్త పిన్ను వేసి కొసలు వంచింది. రెండో పక్క పని ఎంత హాయిగా సాగిందంటే, బావకు చెప్పడానికేం మిగల్లేదు. ఊరికే ఉండలేక "బిగించావా?" అని అడుగుతూనే ఉన్నాడు. చక్రం పట్టుకుని ఊపితే ఈసారి చప్పుడు లేదు.

సోమవారం తెల్లారగానే ఖాళీ బండి తీసుకుని పెట్రోలు బంకు పక్కన అలైన్‌మెంట్ చేసే అతని దగ్గరికి నిదానంగా వెళ్లింది. అతను కడ్డీని కాస్త తిప్పి, బిగింపులు చూసి, తనే బండి ఒక చుట్టు నడిపి వచ్చి "ఇంక వెళ్లమ్మా" అన్నాడు.

పిల్లల్ని ఎక్కించుకుంది. బట్టలు కుట్టే ఆవిడ కొడుకు ముందు సీట్లో కూర్చుని, వాటర్ బాటిల్ మూత కోసం వెనకవాడితో పోట్లాట పెట్టుకున్నాడు. "ఇద్దరికీ ఇవ్వను, ఇటివ్వండి" అంటూ ఆ తగువు తీర్చేసరికి బడి గేటు వచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది. గోడౌన్ల మలుపు ఎప్పుడు దాటిందో ఆమెకు తెలియనే లేదు.

పిల్లలు దిగాక ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమైంది?" బావ గొంతులో కంగారు.

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఫోనెందుకు చేశావే?"

"అదే బావా. ఏం కాలేదని చెబుదామనే."