లచ్చవ్వ ఇంటికి వెనుక అర్ర లేదు

మీ ఊళ్లో ఎవరి ఇంటి ముందుకు రాగానే మీ కాళ్లు కాస్త వేగంగా పడతాయి? గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడకండి, మీకు తెలుసు. చిన్నప్పుడు మీ చేయి పట్టుకుని నడిచినవాళ్లు ఏ గడప దగ్గర మిమ్మల్ని అవతలి పక్కకు లాక్కున్నారో ఆ ఇల్లే. ఆ ఇంటివాళ్లు మీకు చేసిన కీడు ఏమిటని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. అలాంటి ఇంటిని నేనొకదాన్ని తయారు చేశాను. ఇరవై ఏళ్లుగా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసి, సభల్లో బల్ల గుద్ది మాట్లాడిన నేనే చేశాను. ఈ కోపం ముందు నా మీద, తర్వాతే మిగతావాళ్ల మీద.

అది 1994, కరీంనగర్. సంభాషణలు రాయడం నా బతుకుదెరువు. రేడియో నాటకాలు, ప్రకటనలు, పెళ్లి వీడియోల వెనక వినిపించే వ్యాఖ్యానం, ఏది దొరికితే అది. 1972లో రేడియోకు పదమూడు వారాల నేరపరిశోధన సీరియల్ ఒకటి రాశాను. పేరు ‘ఎవరి చేయి’. ఒక పల్లెలో పటేలు ఇంట్లో ఆరవేసిన బట్టలు వాటంతటవే అంటుకుంటాయి. కొన్నాళ్లకు పటేలు వాంతులై చనిపోతాడు. ఊరంతా బాణామతి అంటుంది. మా వైపు చేతబడికి అదే పేరు. ఒంటరిగా బతికే ఒక ముసలామె మీద నింద పడుతుంది. పట్నం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ చివరి వారంలో అసలు సంగతి తేలుస్తాడు. బట్టలకు మంట లేచే మందు పూసిందీ, అన్నంలో విషం కలిపిందీ భూమి కోసం పటేలు సొంత తమ్ముడే.

సీరియల్ రాసేవాళ్లకు ఒక సూత్రం ఉంది. ప్రతి భాగం చివర ఒక ‘హుక్’ ఉండాలి. హుక్ అంటే గాలం. వచ్చే వారం దాకా మనిషిని పట్టి ఉంచే ఆఖరి మాట. నేను పన్నెండు వారాలు బాణామతి నిజమేనేమో అనిపించేలా గాలాలు వేసి, పదమూడో వారం ఆ భ్రమను పగలగొట్టాను. ఉత్తరాలు వచ్చాయి, సన్మానం చేశారు. సంస్కరణ చేశాననుకున్నాను. పన్నెండు వారాలు విని పదమూడో వారం వినలేకపోయినవాళ్ల సంగతి నాకు తట్టనే లేదు.

ఇరవై రెండేళ్ల తర్వాత మాధవరావు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. హుజూరాబాద్ వైపు పెద్ద భూస్వాముల కుటుంబం. వ్యవసాయం తగ్గించుకుని కరీంనగర్‌లో కేబుల్ నెట్‌వర్క్, వీడియో స్టూడియో పెట్టాడు. చిన్నప్పుడు వాళ్ల గడీలో రేడియో చుట్టూ కూర్చుని మా సీరియల్ విన్నాడట. దాన్ని ఇప్పటి జనం కోసం టీవీ సీరియల్‌గా తీస్తానన్నాడు.

“గప్పటి లెక్క ఇన్‌స్పెక్టర్ ముచ్చట్లు పెడ్తే ఎవలు చూస్తరు సార్? రిమోట్ ఒత్తి అవతల పడ్తరు. జర భయం గావాలె. పొగ గావాలె, పుర్రె గావాలె.”

“పొగ పెట్టుకోండి. ఆఖరి భాగం మాత్రం నేను రాసిందే ఉండాలె.”

“దానికేం ఫికర్ చేయకుండ్రి,” అన్నాడు. ఫికర్ చేయకపోవడం నా తప్పు.

రేడియోలో ఆ ముసలామెకు ఇల్లు లేదు. వినేవాళ్లు ఎవరికి వాళ్లు మనసులో కట్టుకునేవారు. టీవీకి అలా కుదరదు, నిజమైన ఇల్లు కావాలి. మంథని దగ్గర గోదావరి ఒడ్డు పల్లె ఒకటి చూశాం. ఊరి పేరు రాయను, ఇప్పటికే దానికి చేసింది చాలు. అక్కడ లచ్చవ్వ అనే బీడీలు చుట్టే ఆమెది మట్టిగోడల పెంకుటిల్లు. వంగి దూరాల్సినంత పొట్టి తలుపు, దానికి ఇనుప కడెం. మా కెమెరామన్ యూసుఫ్‌కు ఆ తలుపు తెగ నచ్చింది. లచ్చవ్వ మాకు చాయ్ పోసింది. “నా తలుపు గూడ సిన్మాల పడ్తదా కొడుకా? పడితె పండుగకు ఎర్రజాజు పూస్త,” అని యూసుఫ్‌తో నవ్వింది.

ఆ తలుపుతో మేం తీసింది ‘ఎస్టాబ్లిషింగ్ షాట్’. ఇది ఎవరి ఇల్లో చూసేవాళ్లకు చెప్పే షాట్. ఒకసారి తలుపు చూపించి, తర్వాత ఏ గది చూపించినా అది ఆ తలుపు వెనకదే అని కన్ను నమ్ముతుంది. మా పనంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది. తలుపు లచ్చవ్వది. లోపలి గది, అంటే పుర్రెలు, నిమ్మకాయలు, పసుపు ముగ్గు ఉన్న వెనుక అర్ర, కరీంనగర్ స్టూడియోలో అట్టముక్కలతో కట్టింది. ప్రతి భాగమూ ఆ తలుపుతోనే మొదలయ్యేది. ఆమె ఊరి వాళ్లు కూడా చూస్తారు కదా అన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ప్రతి శనివారం క్యాసెట్లు బస్సుల్లో మంథనికి, చెన్నూరుకు, ఇంకా చిన్న చిన్న ఊళ్లకు పోయేవి. లచ్చవ్వ ఊళ్లో కేబుల్ లేదు. ఆమె వెనుక వీధిలో ఉండే రాజయ్య ఇంట్లో మాత్రం దుబాయిలో ఉన్న తమ్ముడు పంపిన కలర్ టీవీ, వీసీఆర్ ఉన్నాయి. మంథని నుంచి క్యాసెట్ తెచ్చుకుని ఊరంతా ఆ ఇంట్లోనే చూసేది.

తొమ్మిదో భాగం పోయాక వచ్చిన గురువారం పొద్దున మాధవరావు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. సీరియల్‌ను కుదిస్తున్నాడు. ఎల్లుండి శనివారం పోయేదే ఆఖరి భాగం. నాకు చెప్పకుండానే తొమ్మిదో క్యాసెట్ చివర ఆ మాట వేయించాడు కూడా. అందులో ఇన్‌స్పెక్టర్ ఉండడు. ఊరివాళ్లు ముసలామెను బయటికి ఈడ్చి పండ్లు రాలగొడతారు, ఊరి పీడ వదులుతుంది.

పండ్లు రాలగొట్టడం ఎందుకో తెలియని అదృష్టవంతులకు చెబుతున్నాను. ముందరి పళ్లు లేకపోతే మంత్రం సరిగా పలకదట, బాణామతి పారదట. మా జిల్లాల్లో రాళ్లతో, పట్టుకార్లతో ఆ పని చేశారు. మనుషులకు చేశారు. దాన్ని ఈయన క్లైమాక్స్ అంటున్నాడు.

నేను అరుస్తుండగానే తలుపు దగ్గర ఒక గొంతు వినిపించింది. “లోపలికి రావచ్చునా సారూ?”

లచ్చవ్వ. చంకలో చిన్న మూట. మంథని నుంచి పెద్దపల్లి, అక్కడ బస్సు మారి కరీంనగర్. కూర్చోమంటే కూర్చోలేదు.

“సారూ, గా ఎనుకటి అర్ర నాకు జూపెట్టు. ఊరంత చూసిందట. ఇంటిదాన్ని, నేనే చూడలే.”

యూసుఫ్ ఆమెను సెట్‌లోకి తీసుకుపోయాడు. ఆమె అట్టగోడను వేలితో నొక్కి చూసింది. పుర్రెను ఎత్తి చూసింది. “గింత పెద్ద అర్ర ఉంటే కిరాయికిచ్చుకుందును. బీడీలెందుకు చుడుదును?” అంది. ఆ తర్వాత ఊళ్లో జరుగుతున్నది చెప్పింది.

రాజయ్య బిడ్డకు పది రోజులుగా చలి జ్వరం, కలవరింతలు. భూతవైద్యుడి దగ్గరికి పోతే “తలుపుకు కడెమున్న ఇల్లు” అన్నాడు. ఆ తలుపును ఊరు తొమ్మిది వారాలుగా చూస్తూనే ఉంది. లచ్చవ్వ చుట్టిన బీడీలు మేం ముట్టం అని తోటివాళ్లు అనడంతో కార్ఖానా వాళ్లు ఆకు, తంబాకు ఇవ్వడం ఆపేశారు. బోరింగు దగ్గర ఆమెను బిందె పెట్టనివ్వడం లేదు. “ఆఖరి క్యాసెట్ రానీయి, ఏం జెయ్యాల్నో అండ్లనే చూపెడ్తరు అంటున్నడు రాజయ్య. ఏం చూపెడ్తరు సారూ?”

నేను మాధవరావు వైపు చూశాను. అతను ఆమె వైపు చూడకుండా అన్నాడు. “అవ్వా, అది నాటకం. ‘ఈ కథ కల్పితం’ అని మొదట్ల అక్షరాలు ఏస్తున్నం గదా.”

“నాకు అచ్చరాలు రావు దొరా. తలుపు గుర్తువడ్తది.”

అంతకన్నా పెద్ద విమర్శ మా వృత్తి మీద నేను చదవలేదు. మాధవరావు చాలాసేపు బేరమాడి చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నాడు, తలుపు షాట్ కోసేయడానికి. ముగింపు మార్చడట, ప్రకటనలిచ్చేవాళ్లు ఒప్పుకోరట. “గవన్ని ఇంతగనం పట్టించుకుంటె ధంద నడ్వది సార్.” ముసలిదాని పళ్లు రాలితేనే నడిచే ధందా మూతపడటం మంచిదని అక్కడే చెప్పి, నా స్క్రిప్టు తీసుకుని లేచాను. ఆఖరి భాగం వేరే ఎవరో రాశారు. రాసేవాళ్లకు కరువా?

శనివారానికి రెండు రోజులే ఉంది. యూసుఫ్ ఉపాయం చెప్పాడు. “రషెస్ తీస్కపోదం సార్.” షూటింగ్‌లో తీసిన, ఇంకా కోత పడని టేపును రషెస్ అంటారు. మామూలుగా వాటిని బయటివాళ్లకు చూపించం, మా గుట్టంతా అందులో ఉంటుంది. మాది పెళ్లిళ్లకు వాడే కెమెరానే కాబట్టి ఆ టేపు ఇంట్లో వీసీఆర్‌లోనూ ఆడుతుంది. లచ్చవ్వను వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కాం.

రాజయ్య మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు. చెడ్డవాడేం కాదు. నిద్రలేక కళ్లు ఎర్రబడిన తండ్రి. ఆఖరి క్యాసెట్ ముందే తెచ్చామనుకుని జనం చేరారు కాబట్టి కాదనలేకపోయాడు. లచ్చవ్వ వాకిట్లోనే నిలబడింది.

టేపు ఆడింది. అదే వెనుక అర్ర. ముసలామె వేషం వేసిన నటి పుర్రె ఎత్తి కళ్లు ఉరుముతుంది. వెంటనే యూసుఫ్ గొంతు: “అక్కా, పుర్రె ఉల్టా పట్టినవ్, దవడ మీదికొచ్చింది.” ఆమె నవ్వి, తెల్లజుట్టు ఊడదీసి తల గోక్కుంది. “దోమలు పీకుతున్నయ్. పొగ పెట్టేదేందో జల్ది పెట్టుండ్రి.” చెయ్యి ఆనగానే వెనుక గోడ మొత్తం ముందుకు ఒరిగింది. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత ఆడవాళ్లు.

రాజయ్య నవ్వలేదు. “గది మీ నాటకం. మేం కాదంటలేం. కని ఆమెకు గసొంటి అర్ర ఉన్నదా లేదా?”

“ఇన్నేండ్లు ఆ ఇంట్లకు పోలేదా నువ్వు?” అన్నాను.

“పోయిన. ముందటి అర్రల కూసున్న. ఎనుకటి అర్ర నేను చూడలే.”

“ఆ ఇంటికి వెనుక అర్రే లేదయ్యా. వచ్చి లెక్కపెట్టు.”

అతను కదలలేదు. ఎవరూ కదలలేదు. వాళ్లంతా లచ్చవ్వ ఇంటి ఆ ఒక్క గదిలో కూర్చుని పెరిగినవాళ్లు, వానలకు తలదాచుకున్నవాళ్లు. తమ కళ్లతో ఏళ్ల తరబడి చూసిందాని కన్నా తొమ్మిది వారాల టేపు వాళ్లకు నిజమైపోయింది. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. వాళ్లను మూర్ఖులనడానికి నాకు నోరు లేదు. ఆ మూర్ఖత్వానికి కెమెరా పట్టింది మేము.

మూలన కూర్చున్న రాజయ్య తల్లి పోషవ్వ లేచింది. లచ్చవ్వతో కలిసి ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. “జరుగుండ్రి,” అని కర్ర పట్టుకుని లచ్చవ్వ ఇంటికి బయలుదేరింది. కోడలు కొంగు పట్టి లాగినా ఆగలేదు. ఊరంతా వెనక నడిచి, గడప అవతలే ఆగిపోయింది. పోషవ్వ వంగి లోపలికి పోయింది. గోడ మీద కర్రతో కొడుతున్న చప్పుడు వినిపించింది. ఒకసారి, రెండుసార్లు. ఆ వెంటనే గోడ అవతల నుంచి బర్రె అరిచింది.

పోషవ్వ బయటికొచ్చి కొడుకు ముందు నిలబడింది. “అర్ర దొరికింది కొడుకా. గోడకవతల మన బర్రెల కొట్టమున్నది. బాణామతి జేసేది మన బర్రే. దాని పండ్లు రాలగొట్టు.”

అప్పుడు నవ్విన నవ్వు ఆ ఊరు చాలా కాలంగా నవ్వి ఉండదు. రాజయ్య తల దించుకున్నాడు. “బిడ్డను దవాఖానకు తీస్కపోదం పా,” అన్నాడు యూసుఫ్. ఆ సాయంత్రమే మంథని తీసుకుపోయాం. రక్తం పరీక్ష చేస్తే మలేరియా. బిడ్డ బతికింది.

ఇక్కడితో ఆపేస్తే నేను మళ్లీ పాత సీరియలే రాసినట్టు. శనివారం ఆఖరి భాగం వెళ్లింది, తలుపు లేకుండా, పండ్లు రాలగొట్టడంతో. లచ్చవ్వ ఊళ్లో ఎవరూ దాన్ని నమ్మలేదు. మిగతా ఊళ్ల సంగతి నాకు తెలియదు. అక్కడ ఏ ముసలామె తలుపును వాళ్లు ఈ కథకు తగిలించుకున్నారో తెలియదు. బస్సెక్కి వచ్చి అడిగింది ఒక్క లచ్చవ్వే.

ఏడాది తర్వాత ఆ ఊరికి పోయాను. ఆకు, తంబాకు మళ్లీ ఇస్తున్నారు. బోరింగు దగ్గర బిందె పెట్టనిస్తున్నారు. “అందరు మంచిగనే మాట్లాడ్తున్నరు సారూ,” అంది లచ్చవ్వ. “కని నా ఇంట్ల నీళ్లు తాగేది పోషవ్వ ఒక్కతే. మిగిలినోల్లు దూప లేదంటరు. ఎండకాలం గూడ లేదంటరు.”

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇదే. అబద్ధాన్ని పన్నెండు వారాలు అలంకరించి, నిజాన్ని పదమూడో వారానికి దాచిపెట్టేవాడు సంస్కర్త కాదు. భయం మొదటి వారమే పనిలోకి దిగుతుంది. అంత ఆలస్యంగా వచ్చిన నిజానికి ఆమె బీడీలు ముట్టుకునేలా చేయడం చేతనైంది కానీ ఆమె ఇంట్లో నీళ్లు తాగించడం చేతకాలేదు. నేను ఆ తర్వాత హుక్ ఉన్న సీరియల్ ఒక్కటీ రాయలేదు.

మొదట్లో నేను అడిగిన ఇల్లు మీకు గుర్తొచ్చే ఉంటుంది. ఈ పేజీ మడిచి పెట్టి ఆ ఇంటికి పోండి. రేపు కాదు. అవతలి పక్క నుంచి కాదు, గడప ముందు నుంచి పోండి. తలుపు కొట్టి మంచినీళ్లు అడగండి. వాకిట్లో నలుగురూ చూస్తుండగా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగండి.