వంటింట్లో ఆరిన ఖాకీ

మా ఆయన మిలటరీ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు ఆకుపచ్చ బట్టలు ఉతికి ప్రహరీ గోడ మీద ఆరేసేదాన్ని. యుద్ధం ముగిసిన కొత్త. దారిన పోయేవాళ్లు ఆగి ఆ చొక్కాను తాకి చూసేవాళ్లు. చొప్పదండి దగ్గరి మా ఊళ్లో ఆయన్ను డప్పులతో ఊరేగించారు కూడా.

మిలటరీ వదిలి పోలీసుల్లో చేరాక ఆ గోడ మీద ఒక్కనాడూ ఖాకీ ఆరలేదు. అడవిలోని నక్సలైట్ దళాలకు పోలీసంటే పగ. ఊరికొస్తే లుంగీ కట్టుకుని బస్సు దిగేవాడు.

"బయట ఎయ్యకే, ఎవలన్న చూస్తరు" అనేవాడు.

వంటింట్లో తాడు కట్టి పొయ్యి సెగకు ఆరబెట్టేదాన్ని. ఆ బట్టలకు ఎప్పుడూ పొగ వాసన, ముక్కిన వాసన. తూటాలకు ఎదురుపోయిన మనిషి సొంత ఊళ్లో సొంత చొక్కా దాచుకున్నాడు. నా కడుపులో మంట అప్పటిది.

ఖాకీ తొడిగినవాళ్లంతా మంచివాళ్లని నేననను. క్వార్టర్ల వెనక ఠాణా లోంచి వచ్చే ఏడుపులు నేనూ విన్నాను. అందుకే ఈయన చేసింది చెప్పాలి. బెల్లంపల్లిలో ఉండగా మా ఊరి సర్పంచ్ తమ్ముణ్ని ఠాణాకు పట్టుకొచ్చారు. గనిలో పనిచేసేవాడు. అడవివాళ్లకు అన్నం పెట్టాడని అనుమానం. దెబ్బలు మొదలుపెట్టబోతే ఈయన ఆ గది గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"గీ పోరడు మా ఊరోడు సార్. చెయ్యెయ్యాలంటే ముందుగాల నన్ను లేపుండ్రి" అన్నాడట పై అధికారితో.

అన్నం నేను అక్కడికే పంపాను. ఆ పిల్లవాడు చివరికి తన కాళ్ల మీద నడిచి బయటికొచ్చాడు. ఈయనను మాత్రం ఆదిలాబాద్ అడవుల్లోని ఠాణాకు విసిరేశారు.

అక్కడే ఒకనాడు డ్యూటీలో గుండె ఆగి పోయాడు. ఊరి బడిలో సంతాప సభ పెడతామని సర్పంచ్ మా ఇంటికి వచ్చాడు.

"వదినె, అన్న మిలటరీ ఫోటో ఇయ్యి. పెద్దగ చేయించి బడిల పెడ్తం."

"ఖాకీల దిగింది ఉన్నది. అదే తీస్కపో."

"జర సమజ్ చేస్కో వదినె. రేపు అడవోళ్లు ఎవలన్నొచ్చి గిదేందంటే ఊరంత పరేషాన్. అన్న జవానే గదా!"

"నీ తమ్ముని పానం కాపాడింది జవానా, సర్పంచ్ సాబ్? ఖాకీ గాదా?"

సర్పంచ్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

చచ్చినాక కూడా ఆ మనిషి తన బట్టలు దాచుకోవాలా? మిలటరీ ఫోటోను పెట్టెలో పెట్టి తాళం వేశాను. సభనాడు ఖాకీ ఫోటోను నేనే చేతుల్లో పట్టుకెళ్లి ముందున్న కుర్చీలో నిలబెట్టాను. ఎవ్వరూ కదల్లేదు. పళ్లెంలో దండ అట్లాగే ఉంది. సర్పంచ్ చూపు బడి గేటు మీదే ఉంది. వెనక వరుసలోంచి అతని తమ్ముడు లేచి వచ్చాడు. దండ తీసి ఫోటోకు వేశాడు. సర్పంచ్ వైపు చూడనైనా లేదు.

నా కోపం తగ్గిందని అనుకోకండి. ఆ ఒక్కడూ రాకపోతే ఊరంతా అట్లాగే కూర్చునేది. ఇంటికొచ్చి పెట్టెలోని ఖాకీ జత బయటికి తీశాను. ఉతికి, పిండి, ప్రహరీ గోడ మీద పరిచాను. దారిన పోయేవాళ్లు తలలు తిప్పుకుని పోయారు. అది ఆరేదాకా నేను గోడ పక్కనే కూర్చున్నాను.