గోలుకొయ్య కింద ఉప్పు మూట

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి వసారాలో కూర్చుని ఉంటే, మా మనవడు ఫోనులో ఏదో చదువుతూ, పోలండు దేశంలో ఒక చిన్న పట్టణపు ఫుట్‌బాల్ క్లబ్బు ఉందనీ, యుద్ధాలు వచ్చి పోయినా, పై డివిజనుకు ఎన్నడూ ఎక్కకపోయినా, అది నా కంటే పెద్ద వయసుతో ఇప్పటికీ బతికే ఉందనీ చెప్పాడు. వాడు అబ్బురపడ్డాడు గాని నాకు అంత తేలిగ్గా నమ్మబుద్ధి కాలేదు. అన్ని తరాల మనుషులు ఒకే రంగు చొక్కా వేసుకుని ఆడారంటే, మధ్యలో ఎవరు ఎవరిని అనుమానించారో, ఎవరు మాట పడి వెళ్లిపోయారో ఆ చరిత్రలో రాసి ఉండరు. ఇట్లా అనుకోవడానికి నాకు కారణం ఉంది. మాకూ ఒక క్లబ్బు ఉండేది.

అరవయ్యో దశకం మొదట్లో నేను బోగోలు దగ్గర మా క్రైస్తవ సంఘం బడిలో కొత్తగా అయ్యవారిగా చేరాను. మా గుడికీ, మత్స్యకారుల పాళేనికీ నడుమ, ఉప్పుమళ్ల పక్కన ఒక చవిటి నేల ఉండేది. అందులో గడ్డి కూడా మొలవదు గనక ఎవరూ అడ్డు చెప్పలేదు. సరుగుడు మానులు పాతి గోలుకొయ్యలు చేసుకున్నాం, పాళెం వాళ్లు ఇచ్చిన పాత వల వెనక కట్టుకున్నాం, మా ఆడవాళ్ల కుట్టు తరగతిలో నీలం చొక్కాలు కుట్టించుకున్నాం. క్లబ్బుకు అధ్యక్షుడు మా పెదనాన్న, ఆయనే సంఘపెద్ద కూడా. జట్టులో సగం మంది గుడి వాళ్లు, సగం మంది పాళెం వాళ్లు. జిల్లా పోటీల్లో ఏటా రెండో డివిజనులో మొదలుపెట్టి రెండో డివిజనులోనే ముగించేవాళ్లం. మన వయసు వాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో ఓడిపోవడం అంత అవమానంగా ఉండేది కాదు, తిరుగు దారిలో టీ తాగే వరకే ఆ బాధ.

గోలు కాచే మా గోలీ, మా ఇళ్లకు చేపలు తెచ్చే అవ్వ కొడుకు. నేను అతని ముందు బ్యాకులో ఆడేవాణ్ణి, అతను వెనక ఉంటే నాకు వెనక్కి చూడవలసిన పని ఉండేది కాదు. ఆట మొదలయ్యే ముందు కొయ్య మొదలు తాకి కళ్లకు అద్దుకునేవాడు. పడవ ఎక్కే ముందు పాళెం వాళ్లందరూ చేసేదే అది. అయినా మా గుడి వాళ్లలో కొందరికి అది కంట్లో నలుసుగానే ఉండేది.

ఒక ఏడు మాత్రం ఎట్లాగో గెలుస్తూ వచ్చి చివరి ఆటకు చేరాం. రైలు షెడ్డు జట్టును గెలిస్తే మొదటి డివిజను. ఆ వారంలోనే ఒక గోలుకొయ్యకు చెద పట్టిందని పీకి కొత్తది పాతబోతే, గుంటలో ఎర్రదారం చుట్టిన గుడ్డమూట బయటపడింది. విప్పితే లోపల గడ్డకట్టిన ఉప్పు. తవ్వుతున్న వాళ్లు పారలు కింద పడేశారు. అంతకు ముందే మా ముందు వరసలో ఆడే కుర్రాడి కాలు బెణికి ఉండడంతో, ఇక ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. మంత్రించిన ఉప్పు అన్నారు. గోలీ కొయ్య ఎందుకు తాకుతాడో ఇప్పుడు తెలిసిందన్నారు. అతను పట్టిన బంతులు కూడా చేతులతో పట్టినవి కావేమో అని నాతో అన్నవాళ్లున్నారు. నేను అతని పక్షాన రెండు మాటలు చెప్పబోతే, నీకూ ఆ గాలి సోకిందా అని నవ్వారు.

పెదనాన్న అతణ్ణి గుడి మెట్ల దగ్గరికి పిలిపించి, వాక్యగ్రంథం మీద చెయ్యి వేసి ఆ మూట తనది కాదని చెప్పమన్నాడు. అతను పుస్తకం మీద చెయ్యి వేయలేదు.

"గంగమ్మ మీద ఒట్టేస్తానయ్యా. నేను కొలవని దేవుడి మీద వేస్తే మీ మనసుకు నచ్చుతుందేమో గాని, అది దొంగ ఒట్టు అయితాది."

గంగమ్మ ఒట్టు గుడి మెట్ల మీద చెల్లదన్నారు పెద్దలు. అయితే నా మాట కూడా చెల్లనట్టే గదా అని అతను చొక్కా మడిచి మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. చివరి ఆటకు గోలులో నన్ను నిలబెట్టారు. రైలు షెడ్డు వాళ్లు నన్ను దాటించి రెండు బంతులు వేశారు. పాళెం నుంచి ఆట చూడడానికి ఒక్కరూ రాలేదు.

ఆ రోజుల్లో మా మేనత్త తన కూతురి కాన్పు కోసం వెంకటాచలం వెళ్లి ఉంది. ఆమె తిరిగి వచ్చాక జరిగిందంతా విని, ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పుకునే వేళ లేచి నిలబడింది. కొంగు సర్దుకుని, నేరుగా పెదనాన్న వైపు తిరిగి మాట్లాడింది.

"ఆ ఉప్పు నాది. నీ ప్రసంగమే గదన్నా అది, ప్రవక్త ఉప్పు వేస్తే చెడ్డ నీళ్లు, గొడ్డునేల బాగైనాయని. మనోళ్ల నేల కూడా బాగుపడాలని కుట్టు తరగతి దారంతో కట్టి, ప్రార్థన చేసి పెట్టినాను. నువ్వు చెప్పినావు, నేను నమ్మినాను."

ఆ దారాన్ని గుర్తుపట్టగలిగిన ఆడవాళ్లను ఎవరూ అడగలేదని అప్పుడు గాని మాకు తోచలేదు. పెదనాన్న ముగింపు ప్రార్థన సగంలో ఆపి, నన్ను వెంటబెట్టుకుని పాళెం బయలుదేరాడు.

గోలీ పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. చేపలవ్వ మమ్మల్ని చూసి, రేపటి నించి చేపలకు రాసే ఉప్పు కూడా మీకు చూపించి రాయాలా సామీ అని ఎత్తిపొడిచి, ఆ నోటితోనే మాకు పీటలు వేయమని కోడలికి చెప్పింది. పెదనాన్న పీట మీద కూర్చోలేదు. పైపంచె తీసి చేతిలో పట్టుకుని, తప్పు మాదేనన్నాడు. గోలీ లేచి నిలబడి, పెద్దవాళ్లు అట్లా అనకూడదన్నాడు, మనసులో ఏమీ పెట్టుకోలేదన్నాడు. ఆ మాట నిజమేనని నేను ఈనాటికీ నమ్ముతాను. అయితే వచ్చే ఏడు మళ్లీ ఆడాలని నేను అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ముందర నేను బంతి ఒదిలితే చేతగాక ఒదిలినాడనేవాళ్లు. ఇంక మీదట కావాలని ఒదిలినాడంటారు. ఆ కళ్ల ముందర నేను నిలబడలేనన్నా."

మా వాళ్ల సంగతి నాకూ తెలుసు. ఆ తరువాత కూడా ఏటా పోటీలకు ముందు అతనే వచ్చి గోలు వల బాగుచేసి, ఆట మొదలయ్యే లోపు వెళ్లిపోయేవాడు. పాళెం ఆటగాళ్లు ఒక్కొక్కరే వేటకు పొద్దు చాలదని చెప్పి మానుకున్నారు. దశకం చివరికి పదకొండు మందిని కూర్చడం కష్టమై క్లబ్బు ఆగిపోయింది. ఫలానా రోజు మూసేశామని చెప్పడానికి కూడా లేదు. మా సంఘంలో క్షమాపణ అడగడం అందరికీ నేర్పారు, అది మేం సక్రమంగానే చేశాం. ఒకసారి అనుమానించిన మనిషిని మునుపటి లాగా చూడడం మాత్రం మాలో ఎవరికీ చేతకాలేదు.

మనవడి మాటలు విన్న తరువాత మనసు ఆగక ఆ చోటు చూసి వచ్చాను. అంతా రొయ్యల గుంటలు, చుట్టూ ముళ్లకంచె, స్తంభాల మీద కెమెరాలు. కాపలా కుర్రవాడు వచ్చి నేనెవరి మనిషినని అడిగాడు. ఇక్కడ మేం బంతి ఆడేవాళ్లమని చెబితే గుంటల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, ఫోనులో నా ఫోటో తీసుకుని, రోడ్డు దాకా నా వెనకే నడిచాడు. నాకు కోపం రాలేదు. అనుమానం మా కాలంలోనూ ఉండేది, ఇంతకంటే ఎక్కువే ఉండేదేమో. కానీ ఆనాడు తప్పు తెలిసిన పూటే, ప్రార్థన సగంలో వదిలి, ఆ మనిషి గడప దాకా నడిచి వెళ్లేవాళ్లు ఉండేవారు. ఈ కుర్రవాడికి రేపు ఎవరైనా నా మాట నిజమేనని చెప్పినా చెప్పవచ్చు. అతను నా ఫోటో తీసుకున్నాడు గాని, నా ఇల్లెక్కడో అడగలేదు.