సగటున ఆరంగుళాల మంచు

అత్తగారి తిరుగు విమానం మంగళవారం. డిసెంబరులో అనకాపల్లి నుంచి ఆవిడ ఒకే కోరికతో వచ్చారు: చేతులారా మంచు పట్టుకోవాలని. జనవరి అంతా నేపర్‌విల్‌లో మా గుమ్మం ముందే మోకాలి లోతు మంచు ఉంటే, "జారిపడతావమ్మా" అంటూ మా ఆవిడ సునీత వాళ్లమ్మను కిటికీ దాటనివ్వలేదు. మార్చి చివర్లో గడ్డి బయటపడ్డాక మాకు జ్ఞానోదయమైంది.

విస్కాన్సిన్‌లో ఉండే నా మిత్రుడు రవికి ఫోన్ చేశాను. "స్కేలు పెట్టి మెజర్ చేశా మామా. మా పార్కులో సగటున ఆరంగుళాలుంది. డ్రైవ్ చేసుకుంటూ వచ్చేయండి" అన్నాడు. నేనూ ఇంజనీరింగ్ చదివినవాణ్ణే. సగటు అన్న మాట దగ్గర ఆగాల్సింది, ఆగలేదు.

శనివారం ఉదయం ఏడున్నరకు బయలుదేరాం. పులిహోర, పెరుగన్నం, ముగ్గురికి ఐదు జాకెట్లు. పదకొండింటికి పార్కు గేటు దగ్గర టికెట్ ఇచ్చినామె, "స్నో కోసమా?" అని అడిగి, మర్యాదగా నవ్వు ఆపుకుంది.

కొండవాలు పచ్చగా మెరిసిపోతోంది. రవి స్కేలు పట్టుకుని మమ్మల్ని ఊరేగించాడు. వాలు మీద సున్నా. పైన్ చెట్ల నీడలో మూడు. పార్కింగ్ పక్కన మంచు తీసే ప్లౌ బండి తోసిపోసిన నల్లటి గుట్టలో పదిహేను. మొత్తం కలిపి మూడుతో భాగిస్తే ఆరు. లెక్కలో తప్పేమీ లేదు, మంచే లేదు.

"ఆ సగటు మీద ఎక్కడ నిలబడాలి నాయనా?" అన్నారు అత్తగారు.

"చెట్ల కింద బానే ఉంది ఆంటీ."

ఆవిడ అక్కడికెళ్లి, గ్లవ్ తీసి, బియ్యంలో ఎసరు చూసినట్టు వేలు దించబోయారు. రాత్రి చలికి పెంకు కట్టిన మంచులో అది దిగలేదు. మళ్లీ గ్లవ్ తొడుక్కున్నారు. నాకు నిజంగా బాధేసింది.

రెండున్నరకు తిరుగు ప్రయాణం. దారి పొడవునా సునీత ఫోన్‌లో, ఇంకా మంచు కురుస్తున్న డెన్వర్‌కి టికెట్లు వెతికింది. మంగళవారం విమానం ఎక్కించాల్సిన మనిషిని సోమవారం ఇంకో విమానం ఎక్కించాలన్నది ప్లాను.

ఆరింటికి ఇల్లు చేరాం. కాళ్లు పట్టేశాయని అత్తగారు ఇంటి పక్కగా నాలుగడుగులు వేసి, "ఇటు రండి!" అని కేకేశారు. గ్యారేజీ ఉత్తరపు గోడ వెనక, ఎండ తగలనిచోట, నడుమెత్తు గుట్ట. జనవరంతా వాకిట్లోంచి నేనే పారతో ఎత్తి పోసిన మంచు!

పగటి వెచ్చదనానికి పైన మెత్తబడింది. ఆవిడ వేలు పెడితే మూడు గణుపులూ దిగాయి. తరవాత మణికట్టు, ఆ తరవాత మోచెయ్యి.

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికించావు కదే!"

"అమ్మా, జారి..." అనబోయింది సునీత. వాళ్లమ్మ విసిరిన మొదటి ముద్ద సరిగ్గా ఆమె ముక్కు మీద పడింది.